ఉమ్మడి ఫైలుకు తాళం పడితే కారణం కనుగొనాలి, తాళం పగలగొట్టరాదు

కార్యాలయాల ఫైల్, ప్రింట్ సర్వర్లపై తలెత్తే ఇబ్బందులు – పరిష్కార మార్గాలు

పశ్చిమ కర్నూలులో కర్ణాటక సరిహద్దున ఉన్న హాలహర్వి వంటి మండలాల్లో వర్షం ముఖం చాటేసినా, అదను తప్పి కురిసినా రైతుల పేర్లతో జాబితాలు సిద్ధం కావలసి ఉంటుంది. పంట నష్టం లెక్కింపు, పెట్టుబడి రాయితీ, పింఛన్లు, ఉపాధి హామీ పనులు, తాగునీటి ఎద్దడి నివారణ – ఏ కార్యక్రమం చేపట్టినా చివరకు అది ఒక పట్టిక రూపంలో కంప్యూటరులోకి చేరుతుంది. భూమి రికార్డులు, ఈ-పంట వంటివి రాష్ట్ర స్థాయి డేటాబేసుల్లో నిర్వహింపబడుతున్నప్పటికీ, ముసాయిదా జాబితాలు, పరిశీలన నివేదికలు, పై అధికారులకు పంపే పట్టికలు, లేఖల ప్రతులు కార్యాలయంలోని ఉమ్మడి ఫోల్డరులో ఉండటం పరిపాటి. ఈ ఫోల్డరును సిబ్బంది అందరికీ అందుబాటులో ఉంచి, ఒకే ప్రింటరును అందరూ వినియోగించుకునే వీలు కల్పించే కంప్యూటరునే ఫైల్, ప్రింట్ సర్వరుగా వ్యవహరిస్తారు.

గడువు ముంచుకొచ్చిన రోజున జాబితాను తెరవబోతే 'ఈ ఫైలు మరొకరి వినియోగంలో ఉన్నది; చదువుటకు మాత్రమే తెరవగలరు' అన్న అర్థం వచ్చే సందేశం తెరపై కనిపించడం కార్యాలయాల్లో తరచు ఎదురయ్యే ఇబ్బంది. పని ఆగిపోతున్నదన్న ఆతురతలో సిబ్బంది సాధారణంగా రెండు మార్గాలు అనుసరిస్తారు. ఫైలుకు నకలు తీసి 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్-2' అన్న పేర్లతో అందులో పని కొనసాగించడం మొదటిది. సర్వరును ఉన్నపళంగా ఆపి తిరిగి ప్రారంభించడం రెండవది. రెండూ అప్పటికి పని గడిపించేవే గాని, రెండింటి వలనా అర్హుల పేర్లు జాబితా నుంచి జారిపోయే ప్రమాదం ఉన్నది. తాళం ఎందుకు పడుతుందో, దానిని ఏ క్రమంలో విడిపించాలో కార్యాలయాధిపతులు, సిబ్బంది తెలుసుకుంటే ఈ ప్రమాదాన్ని చాలావరకు నివారించవచ్చు.

తాళం ఉద్దేశం

1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యే వరకు గ్రామ లెక్కలు కరణం చేతిలో ఉండేవి. పుస్తకం ఒక్కటే, వ్రాసే చేయి ఒక్కటే. కాగితపు ఫైలు ఒక సెక్షను గుమాస్తా బల్లపై ఉంటే, అదే సమయంలో అది మరొక గుమాస్తా బల్లపై ఉండజాలదు. అది ఎవరి వద్ద ఉన్నదో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. కంప్యూటరు ఫైలు విషయంలో ఈ సహజమైన హద్దు లేదు. ఒకే పట్టిక ఒకే క్షణంలో నాలుగు బల్లలపై తెరుచుకోగలదు. అయితే ప్రతి తెరపైన కనిపించేది ఆ ఫైలును తెరిచిన క్షణంలో ఉన్న స్వరూపం మాత్రమే. ఆ తరువాత మరొకరు చేసిన మార్పు దానిలో కనిపించదు.

ఉదాహరణకు, 240 మంది రైతుల పేర్లున్న ముసాయిదా పట్టికను ఇద్దరు ఉద్యోగులు ఉదయం 10 గంటలకు తాళం లేకుండా తెరిచారనుకుందాం. మొదటి ఉద్యోగి అభ్యంతరాలను పరిశీలించి అర్హులైన మరో ఆరుగురి పేర్లు చేర్చి, 11.30 గంటలకు భద్రపరిచారు. ఫైలులో పేర్లు 246 అయినవి. రెండవ ఉద్యోగి తన తెరపై ఉన్న పాత పట్టికలోనే తొమ్మిది బ్యాంకు ఖాతా నంబర్లు సరిదిద్ది, 12 గంటలకు భద్రపరిచారు. ఆ క్షణంలో ఫైలులో మిగిలేవి మళ్లీ 240 పేర్లే. ఆరుగురి పేర్లు పోయిన సంగతిని కంప్యూటరు హెచ్చరించదు. ఉదయం ఉన్న సంఖ్యే మధ్యాహ్నమూ ఉండటం వలన ఎవరికీ అనుమానం కలగదు. ఇద్దరు ఉద్యోగులూ తమ పని సక్రమంగానే చేశారు. తాళం ఉండి ఉంటే రెండవ ఉద్యోగికి ఫైలు తెరిచేటప్పుడే విషయం తెలిసేది.

ఈ ప్రాంతానికి సంబంధించి ఇది చిన్న విషయం కాదు. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు పరిసర గ్రామాల నుంచి మిరప కోతకు, పత్తి తీతకు కుటుంబాలతో సహా గుంటూరు ప్రాంతానికి తరలిపోవడాన్ని స్థానికంగా 'సుగ్గి'కి వెళ్లడం అంటారు. జాబితా గోడకు అంటించిన రోజున ఊరిలో లేని కుటుంబం, తన పేరు జారిపోయిన సంగతి తెలుసుకునేసరికి అభ్యంతరాల గడువు ముగిసిపోవచ్చు. కార్యాలయంలో ఒక క్షణం ఆదా చేయబోయి చేసిన పని, వంద మైళ్లకు ఆవల మిరప చేలో ఉన్న కూలీ కుటుంబానికి ఒక సీజను పెట్టుబడిని దూరం చేయగలదు.

తాళం పనిచేసే విధానం

విండోస్ కంప్యూటర్ల మధ్య ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే పద్ధతిని ఎస్.ఎం.బి. అంటారు. దీనికి 1980వ దశకంలో ఐ.బి.ఎం. సంస్థలో రూపకల్పన జరిగింది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92 కాలంలో ప్రారంభించిన 'సాంబా' అనే ఉచిత సాఫ్ట్‌వేరు వలన లైనక్సు సర్వర్లు కూడా ఇదే భాషలో విండోస్ కంప్యూటర్లకు సమాధానం చెప్పగలుగుతున్నవి.

ఈ విధానంలో ముఖ్యంగా మూడు రకాల రక్షణలున్నవి. మొదటిది, ఫైలును తెరిచేటప్పుడే 'నేను వ్రాస్తున్నంత సేపు ఇతరులు వ్రాయరాదు' అని సర్వరుకు తెలియజేయడం. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లపై కనిపించే సందేశం చాలావరకు దీని ఫలితమే. రెండవది, ఫైలు మొత్తానికి గాక అందులోని కొంత భాగానికి మాత్రమే తాళం వేయడం. పలువురు ఒకేసారి వేర్వేరు వరుసల్లో పనిచేసే డేటాబేసు ఫైళ్లకు ఇది వర్తిస్తుంది. మూడవది 'ఆప్‌లాక్'. ఫైలును ఒక్కరే వినియోగిస్తున్నప్పుడు మార్పులను తన కంప్యూటరులోనే కొంతసేపు ఉంచుకునేందుకు సర్వరు ఇచ్చే అనుమతి ఇది. మరొకరు అదే ఫైలును కోరినప్పుడు సర్వరు మొదటి కంప్యూటరుకు కబురు పంపి, దాచి ఉంచిన మార్పులను తెప్పించుకొని, ఆ తరువాతే రెండవవారికి తలుపు తెరుస్తుంది. మొదటి కంప్యూటరు సమాధానం చెప్పకుంటే విండోస్ సర్వరు సాధారణంగా 35 సెకండ్ల వరకు నిరీక్షిస్తుంది. ఫైలు తెరుచుకోవడానికి అర నిమిషానికి పైగా పట్టి, ఆ తరువాత మామూలుగా పనిచేస్తున్నదంటే కారణం ఇదై ఉండవచ్చు.

వీటికి తోడు, ఆఫీసు సాఫ్ట్‌వేరు ఫైలు తెరిచిన వెంటనే అదే ఫోల్డరులో టిల్డా, డాలరు గుర్తులతో మొదలయ్యే చిన్న రహస్య ఫైలును సృష్టిస్తుంది. తెరిచిన వ్యక్తి పేరు అందులో ఉంటుంది. ఈ పేరు ఆ కంప్యూటరులో ఆఫీసు సాఫ్ట్‌వేరుకు ఇచ్చిన పేరే గాని, ఆ క్షణాన కుర్చీలో కూర్చున్న ఉద్యోగి పేరు కానవసరం లేదు. ఎప్పుడో బదిలీపై వెళ్లిన ఉద్యోగి ఫైలును తెరిచి ఉంచినట్లు సందేశం రావడానికి కారణం ఇదే. సందేశంలోని పేరును మాత్రమే నమ్మి నిర్ణయానికి రారాదు.

కారణాలు – పరిష్కారాలు

ఒకటి: ఫైలు నిజంగానే మరొకరి వద్ద తెరిచి ఉండటం. అత్యధిక సందర్భాల్లో కారణం ఇదే. భోజనానికి వెళ్లిన ఉద్యోగి, గ్రామ సందర్శనకు వెళ్లిన అధికారి తమ కంప్యూటరులో ఫైలును తెరిచి ఉంచి వెళ్తుంటారు. విండోస్ సర్వరులో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్' తెరిచి, 'షేర్డ్ ఫోల్డర్స్' కింద 'ఓపెన్ ఫైల్స్' చూస్తే ఏ ఫైలు ఏ వినియోగదారు పేరుతో తెరిచి ఉన్నదో కనిపిస్తుంది. 'సెషన్స్' అన్న విభాగంలో అది ఏ కంప్యూటరో తెలుస్తుంది. సాంబా సర్వరులో 'ఎస్‌ఎంబీ స్టేటస్' అనే ఆదేశం ఇదే వివరాన్ని ఇస్తుంది. సిబ్బంది అందరూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డుతో ప్రవేశించే కార్యాలయంలో మాత్రం ఈ జాబితా నిరుపయోగం. పది వరుసల్లోనూ ఒకే పేరు కనిపిస్తుంది. ప్రతి ఉద్యోగికి విడిగా వినియోగదారు పేరు ఇవ్వడం మొదటి అవసరం.

రెండు: విద్యుత్తు పోవడం, కేబులు ఊడిపోవడం. ఫైలు తెరిచి ఉన్న కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతే, ఆ సంగతి సర్వరుకు వెంటనే తెలియదు. ఆ ఉద్యోగి ఇంకా పనిచేస్తున్నట్లే భావించి తాళాన్ని అట్టే ఉంచుతుంది. సర్వరు అమరికను బట్టి ఇది కొన్ని నిమిషాలు మొదలుకొని గంటల వరకు కొనసాగవచ్చు. ఆ కంప్యూటరును తిరిగి ప్రారంభించి అదే పేరుతో ప్రవేశిస్తే చాలా సందర్భాల్లో పాత సెషను తొలగిపోతుంది. తొలగకుంటే సర్వరుపై ఆ ఒక్క సెషనును మాత్రమే మూసివేయాలి. సర్వరుకు యు.పి.ఎస్. అమర్చి, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కు స్విచ్చిని మరచిపోవడం తరచు కనిపించే లోపం. స్విచ్చి ఆగితే సర్వరు నడుస్తున్నా ప్రయోజనం లేదు.

మూడు: రహస్య ఫైలు మిగిలిపోవడం. ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగినప్పుడు పైన చెప్పిన చిన్న ఫైలు తొలగకుండా ఉండిపోతుంది. సర్వరులోని జాబితాలో అసలు ఫైలు ఎవరి వద్దా తెరిచి లేదని నిర్ధారించుకున్న తరువాత మాత్రమే దానిని తొలగించాలి. ముందే తొలగిస్తే హెచ్చరించే బోర్డును పీకివేసినట్లే అవుతుంది.

నాలుగు: మనుషులు గాక ప్రోగ్రాములు ఫైలును పట్టుకొని ఉండటం. ఫోల్డరులో ఫైలును ఎంపిక చేయగానే పక్కన దాని స్వరూపాన్ని చూపే ప్రివ్యూ సదుపాయం, వైరస్ నిరోధక ప్రోగ్రాము, బొమ్మల నమూనాలను భద్రపరిచే 'థంబ్స్' ఫైలు ఈ కోవలోనివి. ఎవరూ తెరవకున్నా ఫైలు పేరు మార్చడానికి గాని, ఫోల్డరును తొలగించడానికి గాని వీలుపడదు. ప్రివ్యూను నిలిపివేసి చూడటం, వైరస్ తనిఖీని కార్యాలయ వేళలకు వెలుపల జరిగేటట్లు అమర్చడం తగిన మార్గాలు. వైరస్ నిరోధక ప్రోగ్రామును పూర్తిగా ఆపివేయడం తగదు.

ఐదు: తాళం కానిదానిని తాళంగా భ్రమపడటం. సర్వరుకు బదులు సాధారణ కంప్యూటరులోని ఫోల్డరును అందరికీ పంచే కార్యాలయాలు ఉన్నవి. అటువంటి కంప్యూటరుకు ఒకేసారి అనుసంధానం కాగల కంప్యూటర్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఇది 10 కాగా, విండోస్ 7 నుంచి 20. పరిమితి దాటిన తరువాత వచ్చినవారికి ప్రవేశం లభించదు. ఫోల్డరుపై వ్రాసే అనుమతి లేని ఉద్యోగికి కూడా ఫైలు చదువుటకు మాత్రమే తెరుచుకుంటుంది. సందేశాన్ని పూర్తిగా చదివితే ఈ తేడా తెలుస్తుంది.

ఆరు: పాత డేటాబేసు ఫైళ్లు. యాక్సెస్, ఫాక్స్‌ప్రో వంటి వాటితో తయారైన ఫైలును పలువురు ఒకేసారి వినియోగిస్తున్నప్పుడు, నెట్‌వర్కు బలహీనంగా ఉంటే ఆప్‌లాక్ వలన వరుసలు చెడిపోయే అవకాశమున్నది. సాంబాలో ఆ రకం ఫైళ్లకు మాత్రమే, కొత్త విండోస్ సర్వర్లలో ఆ ఒక్క ఫోల్డరుకు మాత్రమే ఈ సదుపాయాన్ని నిలిపివేయవచ్చు. వేగం కొంత తగ్గినా సమాచారం భద్రంగా ఉంటుంది.

ప్రింటరుతో ముడిపడిన తాళం

ప్రింటరు ఆగిపోవడం, ఫైలుకు తాళం పడటం వేర్వేరు సమస్యలుగా కనిపించినా, కొన్నిసార్లు వాటి మూలం ఒక్కటే. ప్రింటు ఆదేశం ఇచ్చిన తరువాత కాగితం కొలత సరిపోలేదనో, ప్రింటరు అందుబాటులో లేదనో ఒక చిన్న ప్రశ్న ఇతర తెరల వెనుక దాగి ఉండవచ్చు. దానికి సమాధానం చెప్పే వరకు ప్రోగ్రాము మూతపడదు, ఫైలు విడుదల కాదు. అందువలన తాళం పడిన ఫైలు ఎవరి కంప్యూటరులో ఉన్నదో గుర్తించిన తరువాత, ఆ తెరపై ఉన్న అన్ని విండోలను పరిశీలించాలి.

ప్రింటు వరుసలో ఒక పత్రం ఇరుక్కుపోయి తొలగించినా పోకుంటే, సర్వరులో 'ప్రింట్ స్పూలర్' సేవను ఆపి, స్పూల్ ఫోల్డరులోని 'ప్రింటర్స్' అనే ఉపఫోల్డరును ఖాళీ చేసి, సేవను తిరిగి ప్రారంభించాలి. ఇలా చేసినప్పుడు వరుసలో వేచి ఉన్న అందరి పత్రాలూ పోతాయి గనుక ముందుగా సిబ్బందికి తెలియజేయడం అవసరం. ఈ స్పూలర్ సేవలోనే 2021లో 'ప్రింట్ నైట్‌మేర్' పేరుతో తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. సర్వరుకు ఎప్పటికప్పుడు నవీకరణలు చేయించడం ప్రింటరు కోసమూ అవసరమే.

చేయరానివి

సర్వరుపై 'ఓపెన్ ఫైల్' ను బలవంతంగా మూసివేయడం చివరి మార్గం మాత్రమే. మూసిన క్షణంలో, ఆ ఉద్యోగి అప్పటివరకు భద్రపరచని పని పోవచ్చు. ముందుగా ఆ ఉద్యోగికి ఫోను చేయాలి. అందకుంటే కార్యాలయాధిపతి అనుమతితో మూయాలి. సమయాన్ని, కారణాన్ని నమోదు చేయాలి. సర్వరును తిరిగి ప్రారంభించడమంటే ఒక్క తాళం కోసం కార్యాలయంలోని తాళాలన్నింటినీ ఒకేసారి పగలగొట్టడమే.

తాళాల ఇబ్బంది తొలగించే పేరుతో ఎస్.ఎం.బి. తొలి తరం పద్ధతికి తిరిగి వెళ్లడం మరింత ప్రమాదకరం. ఆప్‌లాక్‌ను రిజిస్ట్రీ ద్వారా నిలిపివేయమన్న పాత సలహా ఆ తొలి తరానికే పనిచేస్తుంది. దానికోసం ఆ పద్ధతిని పునరుద్ధరించినవారూ ఉన్నారు. 2017 మే 12న ప్రపంచమంతటా విజృంభించిన 'వన్నాక్రై' వైరస్ వ్యాపించినది ఆ తొలి తరం పద్ధతిలోని లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని జిల్లాల కంప్యూటర్లు కూడా ఆ సమయంలో దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే ఏడాది మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. ఫైలు తాళం కోసం సర్వరు తలుపునే తెరిచి పెట్టడం తాళం వేసి గొళ్లెం మరచినట్లే అవుతుంది.

కార్యాలయాలు పాటించదగిన ఏర్పాట్లు

పెద్ద జాబితాను ఒకే ఫైలుగా గాక గ్రామాల వారీగా విడదీస్తే, ఒక్కొక్క గ్రామం ఫైలు ఒక్కొక్క ఉద్యోగి బాధ్యతలో ఉంటుంది. తాళం పడే అవసరమే తగ్గుతుంది. వీటిని మండల పట్టికగా కూర్చే పని ఒక్కరికే అప్పగించాలి. కూర్చే ముందు, కూర్చిన తరువాత గ్రామాల వారీగా పేర్ల సంఖ్యను సరిచూసి సంతకం చేయాలి. పై ఉదాహరణలో రోజు చివర సంఖ్య సరిచూసుకొని, 'ఈ రోజు చేర్చినవి 6' అన్న నమోదు ఉండి ఉంటే, పేర్లు పోయిన సంగతి అదే సాయంత్రం బయటపడేది.

నకలు తీయక తప్పనప్పుడు ఆ విషయాన్ని అందరికీ తెలిపి, నకలులో చేసిన మార్పులను విడిగా వ్రాసి ఉంచాలి. కార్యాలయ వేళ ముగిసిన తరువాత ఎవరి వద్దా ఫైళ్లు తెరిచి లేవని చూసి, ప్రతిరోజూ ఒక ప్రతిని సర్వరుకు వెలుపల భద్రపరచాలి. విండోస్ సర్వరు 2003 నుంచి లభిస్తున్న 'ప్రీవియస్ వెర్షన్స్' సదుపాయాన్ని ముందే అమర్చి ఉంటే, ఉదయపు ఫైలును మధ్యాహ్నం తిరిగి చూడగలుగుతారు. అమర్చకుండా, పేర్లు పోయిన తరువాత దానికోసం వెదకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పాత్రికేయులు గమనించదగినది

ఉదయపు జాబితాలో ఉన్న పేరు సాయంత్రపు జాబితాలో కనిపించనప్పుడు అవకతవకలు జరిగినవన్న అనుమానం కలగడం సహజం. అది నిజం కావచ్చు. ఒకరు భద్రపరిచిన ఫైలుపై మరొకరి పాత ప్రతి వచ్చి చేరడమూ కావచ్చు. రెండింటికీ తేడా తేల్చేవి ఫైలును చివరిసారి ఎవరు, ఎప్పుడు భద్రపరిచారన్న వివరం, రోజువారీ ప్రతులు, గ్రామాల వారీ సంఖ్యల నమోదు. ఈ మూడింటిని కార్యాలయాన్ని అడగవచ్చు. చూపగలిగే స్థితిలో కార్యాలయం ఉండాలి. కంప్యూటరు పొరపాటు అన్న సమాధానంతో బాధ్యత తీరిపోదు. పేరు జారిపోయిన రైతుకు కారణం ఏదైనా నష్టం ఒక్కటే.

మరొకరి పనిని కాపాడేందుకే ఫైలుకు తాళం పడుతుంది. అది ఎవరి వద్ద ఉన్నదో ముందు అడగాలి, ఎందుకు ఉన్నదో తరువాత చూడాలి, విడిపించడం ఆ పిమ్మట జరగాలి. ఈ క్రమాన్ని పాటించడానికి కొత్త యంత్రాలు గాని, అదనపు నిధులు గాని అవసరం లేదు. సర్వరులోని 'ఓపెన్ ఫైల్స్' జాబితాను చూడటం తెలిసిన ఒక్క ఉద్యోగి, సంఖ్యలు నమోదు చేసే ఒక రిజిస్టరు ప్రతి కార్యాలయంలో ఉంటే చాలును.